బోర్లించని కుర్చీ

మా ఏటి పేరు స్టుట్టా. పొట్టిది అని అర్థం. పేరు పెట్టినవాడెవడో కొలిచే పెట్టాడు: సరస్సులో పుట్టి సముద్రపు పాయలో కలిసేదాకా మొత్తం ఎనిమిది వందల డెబ్బై మీటర్లు. పై వంతెన మీద నిలబడి మీరు తుమ్మారనుకోండి, పక్కవాడు "చిరంజీవ" అనేలోపు ఆ తుమ్ము ఉప్పునీళ్లలో కలిసిపోతుంది. మిగతా ఊళ్ల నదులు పుట్టి, పెరిగి, వంకలు తిరిగి, వంకలు పెట్టించుకుని, ముసలివై సముద్రం చేరతాయి. మాది పుట్టడమే పెళ్లిబట్టల్లో పుట్టింది. పుట్టింట్లో గుమ్మం దిగితే అత్తవారింటి పొయ్యి కనబడుతుంది.

ఏరు పొట్టిదేగాని దాని మీద ఆశలు మాత్రం బారెడు. పైన చర్చికి వెళ్లే దారిలో వంతెన. వంతెన కిందుగా మిల్లువాళ్ల ఆనకట్ట. ఆనకట్ట పక్కనే సాల్మన్ చేపలు ఎక్కడానికి రాతిలో తొలిచిన మెట్లు, పద్నాలుగు తొట్లు, ఒకదాని మీద ఒకటి. సగం దూరంలో కర్రగుజ్జు మిల్లు. అడుగున, ఏరు సముద్రంలోకి నోరు తెరిచే చోట, మా అత్తగారి మంచె. ఏటిదీ ఆవిడదీ ఒకేచోట తెరిచిన నోరు. ఏటి నోరైనా శీతాకాలంలో గడ్డకడుతుంది.

నేను ఆ మిల్లులో ఇరవై రెండేళ్లుగా రాళ్లకి దుంగలు మేపేవాణ్ణి. నాలుగు రాళ్లు, ఒక్కొక్కటి మా వంటగదంత. నీటి జోరుకి అవి తిరుగుతుంటే దుంగని తెచ్చి ఆనించి నొక్కుతాం. దుంగ గుజ్జవుతుంది, గుజ్జు అట్టవుతుంది, అట్ట ఓడెక్కి ఏ దేశమో పోయి కాగితమవుతుంది. మీ చేతిలో ఉన్న కాగితం గరుగ్గా ఉంటే తప్పు నాది కాదు, నాలుగో రాయిది.

మా మేనేజరు ఇంటిపేరు ఫాస్టింగ్. బెర్గెన్‌లో పాత కుటుంబం. ఉపవాసం పేరులోనే ఉంది. గుమ్మంలోంచి ముందు బొజ్జ లోపలికి వచ్చి, అది కుదురుగా సర్దుకున్నాక మిగతా ఆయన వచ్చేవాడు. చెడ్డవాడు అనను. దాహం ఎక్కువ. ఏటిలో ఉన్న నీళ్లన్నీ తన రాళ్లకే కావాలంటాడు.

ఇక మా అత్తగారు. పేరు సున్నీవా, అప్పటికి అరవై తొమ్మిదేళ్లు. యుద్ధం ముగిసిన తొమ్మిదో వేసవి అది. తండ్రి నుంచి వచ్చిన సాల్మన్ మంచె ఆవిడది. నీళ్లలో కాళ్లు పాతి, రాతికి కట్టిన నాలుగు గుంజల మీద ఒక గది, అందులో ఒక కుర్చీ. మంచె కింద నీటి అడుగున తెల్లరంగు వేసిన పలకలు పరుస్తారు. ఏటిలోకి ఎక్కబోయే చేప ఆ తెలుపు మీదుగా దాటిందంటే నల్లటి నీడ కదుల్తుంది. నీడ కనపడగానే తాడు లాగితే వల మూతి మూసుకుంటుంది. పనల్లా కనురెప్ప వెయ్యకపోవడమే. మా ఆవిడ గున్‌వోర్ కూడా ఆ కళ్లతోటే పుట్టింది. నేను తాగివచ్చిన రోజు వీధి మలుపులోనే తెలిసిపోతుంది.

ఆ కుర్చీకి ఒక ఆచారం ఉంది. శనివారం సాయంత్రం ఆరింటికి వల ఎత్తేసి కుర్చీ బోర్లించాలి. సోమవారం సాయంత్రం ఆరింటికి మళ్లీ నిలబెట్టాలి. ఆ మధ్య చేప చేపదే, ఏరు దేవుడిదే. వల ఎత్తమన్నది సర్కారు చట్టం. కుర్చీ బోర్లించమన్నది మాత్రం మా తాతల చట్టం, ఎందుకంటే నిలబడి ఉన్న కుర్చీ మనిషిని పిలుస్తుంది, కూర్చున్నాక కళ్లు కిందికి పోతాయి, చూడ్డం కూడా వేటే అని. ఆదివారం నాడు ఏటికేసి చూడకపోవడం మా ఊరికి ఎంత అలవాటంటే, వంతెన దాటేటప్పుడు కూడా అందరం చర్చి శిఖరం మీదే కళ్లు పెట్టుకుని నడిచేవాళ్లం. నా మటుకు నేను రెండుసార్లు గుర్రప్పేడలో కాలేశాను.

ఆ ఏడు ఫాస్టింగ్‌కి అయిదో రాయి కావాల్సొచ్చింది. అయిదో రాయికి నీళ్లు కావాలి. నీళ్లలో కాస్త వాటా చేపల మెట్లకి వదలాలని మిల్లు పెట్టిన రోజునే రాసిచ్చిన ఒప్పందం ఉంది: సాల్మన్ ఎక్కుతున్నంత కాలమూ మెట్లు ఉండాలి. దాంతో ఆయన చేపల శాఖకి ఒక దరఖాస్తు పెట్టాడు, అయ్యా, సాల్మన్ ఎక్కడం మానేసింది, మెట్లని సిమెంటుతో పూడ్చుకోనివ్వండి అని. శాఖవాళ్లు జూలై ఇరవై తొమ్మిది, సెయింట్ ఓలాఫ్ పండగ దాకా గడువు పెట్టారు. ఆలోపు మెట్ల మీదుగా ముప్ఫై చేపలు ఎక్కితే మెట్లు ఉంటాయి. లేకపోతే సిమెంటు.

ముప్ఫై అంటే ఒక లెక్కా అనుకున్నాం. లెక్క పెట్టే పని మిల్లు కాపలాదారు క్లెమెట్‌కి అప్పగించారు. మెట్ల పైకొసన ఒక చెక్క పెట్టె దించారు. ఎక్కిన చేప అందులోకి రావాలి, క్లెమెట్ చూసి, పుస్తకంలో రాసి, పైకి వదలాలి. క్లెమెట్ అబద్ధం ఆడడు. ఆదివారాలు చర్చిలో గంట కొట్టేదీ, ఆరోజు పాడే కీర్తనల అంకెలు గోడమీద పలకకి తగిలించేదీ అతనే. అలాంటి మనిషి అయిదు వారాలపాటు, రోజుకో పేజీలో, ముత్యాల్లాంటి అక్షరాలతో సున్నా చుట్టాడు. సున్నా, సున్నా, సున్నా. ఊళ్లోవాళ్లు మా అత్తగారిని ఇక సున్నీవా అనక్కర్లేదు, సున్నా అంటే చాలన్నారు.

ఆవిడ నవ్వలేదు. చేప పైకెక్కి సరస్సులో గుడ్లు పెట్టకపోతే నాలుగేళ్లలో ఏటికి వచ్చే చేపే ఉండదు. చేప లేని మంచె అంటే నీళ్లలో నిలబెట్టిన మరుగుదొడ్డి. తాత కూర్చున్నాడు, తండ్రి కూర్చున్నాడు, ముప్ఫై ఒక్క ఏళ్లుగా తను కూర్చుంది. ఆ కుర్చీని చివరిసారి బోర్లించేది తన చేతులతోనే కాబోతోందని ఆవిడకి తెలుసు. దాన్ని గురించి ఎవరైనా జాలి పడితే వాళ్ల మొహం మీదే తలుపేసేది.

గడువుకి వారం ముందు, బుధవారం. నేను సరస్సు అవతలి ఒడ్డు నుంచి ఎండుగడ్డి తెద్దామని పడవేసుకుని వెళ్లి వస్తున్నాను. వంతెనకి ఓ కేకంత దూరంలో నీళ్లు పగిలి, నా చేయంత సాల్మన్ ఒకటి గాల్లోకి లేచి, నన్ను ఎగాదిగా చూసి, మళ్లీ నీళ్లలో పడింది. ఆ సాయంత్రం మా అత్తగారింట్లో ఉప్పుచేప, బంగాళాదుంపలు తింటూ ఈ సంగతి చెప్పాను. ఆవిడ ఫోర్కు కింద పెట్టింది.

"ఆనకట్టకి పైనా, కిందా?"

"పైనే అత్తయ్యా. సరస్సులో."

"క్లెమెట్ పుస్తకంలో ఎంతుంది?"

"మీకు తెలీదా. సున్నా."

"మరి పైకెలా వచ్చిందది?"

"ఆదివారం బస్సెక్కి వచ్చుంటుంది" అన్నాను. నా హాస్యానికి మా ఇంట్లో నవ్వేది నేనొక్కణ్ణే గనక, నేనే నవ్వాను.

ఆవిడ మాత్రం బల్లమీద వేలితో ఏదో గీస్తోంది. ఆదివారం ఆ చెక్క పెట్టె ఎక్కడుంటుందని అడిగింది. శనివారం మధ్యాహ్నం రెండింటికి మిల్లు ఈల వేయగానే క్లెమెట్ దాన్ని పైకెత్తి గట్టున పెట్టేస్తాడని చెప్పాను. మరి నీళ్ల సంగతేమిటి అంది. మిల్లు ఆగాక తూము మూసేస్తాం, నీళ్లన్నీ మెట్ల మీదే దూకుతాయి అన్నాను. అలా అంటూ ఉండగానే నా నోట్లో బంగాళాదుంప అలాగే ఆగిపోయింది. వారంలో అయిదున్నర రోజులు మెట్లు తడి అయ్యేంత నీళ్లు కూడా ఉండవు. నీళ్లుండేది ఆదివారమే, పెట్టె లేనిదీ ఆదివారమే. చేపలు అడుగున గుండంలో వారమంతా కాచుక్కూర్చుని, మేమంతా అటు తిరిగి కీర్తనలు పాడుతున్నప్పుడు వరస కట్టి మెట్లెక్కుతున్నాయి. వాటి యాత్రకి ఆదీ అంతం రెండూ ఆదివారమే.

"అరవై తొమ్మిదేళ్లు" అంది సున్నీవా. "ఏటి పక్కన పుట్టాను. వారంలో ఏడో రోజు ఈ ఏరు ఎలా ఉంటుందో నాకు తెలీదు."

మర్నాడు పొద్దున్నే, నడుముకి కట్టుకున్న చేపల వాసనేసే గుడ్డ విప్పకుండానే మిల్లు ఆఫీసుకి వచ్చింది. నన్ను రాళ్ల దగ్గర్నించి పిలిపించి సాక్ష్యానికి పక్కన నిలబెట్టుకుంది. ఫాస్టింగ్ మర్యాదగానే కుర్చీ చూపించాడు. కూర్చోలేదు. ఆదివారం కూడా పెట్టె నీళ్లలో ఉంచి లెక్కపెట్టించమని అడిగింది. ఆయన చేతులు బొజ్జమీద జోడించి, కళ్లు సగం మూసి, తన మిల్లు చరిత్ర మొదలుపెట్టాడు.

"ఈ మిల్లు పెట్టిన నాటినుంచి ఆదివారం నాడు చక్రం తిరగలేదమ్మా. క్లెమెట్‌తో నేనెలా పని చేయిస్తాను? దేవుడి రోజున నా నోటితో ఒక్క మనిషికి కూడా పని చెప్పను. చెప్పలేదు, చెప్పబోను."

"ఆ మాట ఇంకోసారి అనండి. మా అల్లుడికి మిల్లు హోరులో చెవులు మందగించాయి."

గుమాస్తాలు కూడా వింటున్నారు గనక ఆయన ఇంకాస్త గట్టిగా, ఇంకాస్త భక్తిగా అన్నాడు. ఆవిడ తల ఊపి, వెళ్లబోతూ గుమ్మంలో ఆగింది.

"మిల్లు కింద ఏటి అడుగంతా మీ గుజ్జు పేరుకుని తెల్లగా మెరిసిపోతోంది. తెలుపు మీద చేపని చూడలేని మనిషిని నేను మిమ్మల్నే చూశాను. మెట్లు మీవి, సరే. వంతెన మాత్రం ఊరిది."

ఆ రోజే చేపల శాఖ ఇన్‌స్పెక్టరు ట్వైట్‌కి ఒక చీటీ రాసింది. లెక్క గురించి ముక్క లేదు. ఆదివారం పొద్దున తన ఇంటికి కాదు, చర్చి దారి వంతెన మీదకి కాఫీకి రమ్మని. ఇన్‌స్పెక్టర్లకి చాలామంది కాఫీ ఇస్తారుగాని వంతెన మీద ఇచ్చేవాళ్లు తక్కువ. అందుకే వచ్చుంటాడు. శనివారం పడవలో దిగాడు. మడిచిన గొడుగులా సన్నగా, నల్లగా, వాన వస్తేతప్ప నోరు విప్పనట్టు ఉన్నాడు.

ఆ శనివారం మధ్యాహ్నం మిల్లు ఆగాక నేనూ ఆవిడా మంచె కింది పలకలు ఆరు పైకి లాగాం. పాచి గీకి, తెల్లరంగు కొత్తగా పూసి, ఎండాక బండి మీద వంతెన దగ్గరికి తీసుకెళ్లి, మెట్ల పైకొసన చేప సరస్సులోకి అడుగుపెట్టే ఇరుకులో రాళ్లు కట్టి దించాం. రెండు నిలువుల లోతు. పైనుంచి చూస్తే నీళ్లలో ఎవరో దుప్పటి పరిచినట్టుంది.

సాయంత్రం ఆరింటికి మంచె ఎక్కాం. వల ముందే ఎత్తేసి ఉంది. ఆవిడ కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఈ వేళకి ఆ చేతులు వాటంతట అవే ఆ కుర్చీని తలకిందులు చేసేవి. ఆ రోజు చేతులు కదల్లేదు. ఆవిడ పెదాలు మాత్రం కదిలాయి. వాళ్ల నాన్నతో మాట్లాడుతోందని తెలిసి నేను సముద్రంకేసి తిరిగాను. కాసేపటికి వెనక నుంచి, "అల్లుడూ, ఎత్తుకో" అంది. కుర్చీ నా నెత్తిన పెట్టింది, కాళ్లు కిందికి ఉండేలా. బోర్లించి మోస్తానంటే ఒప్పుకోలేదు.

ఆదివారం ఏడింటికి ఆ కుర్చీ వంతెన మధ్యలో, కటకటాల పక్కన నిటారుగా నిలబడింది. దాని మీద సున్నీవా, చర్చికి కట్టుకునే నల్ల గౌనులో, వెండి గుండీలతో సహా. పక్కన ఇన్‌స్పెక్టరుకి పీట. మధ్యలో బుట్ట: కాఫీ కూజా, అట్లు, పులిసిన మీగడ. ఇన్‌స్పెక్టరు కలం తీసి కోటు జేబులో వేసి బొత్తాం పెట్టుకున్నాడు. ఆదివారం తను ఒక్క అక్షరం కూడా రాయనని, అది అమ్మకిచ్చిన మాటని చెప్పాడు. కళ్లు మాత్రం ప్రభుత్వానివి కావు, తనవేనన్నాడు.

ఎనిమిదింటికి మొదటి నీడ వచ్చింది. మెట్ల నుంచి పైకి దూకి, తెల్ల పలకల మీద ఒక్క క్షణం అలిసినట్టు ఆగి, తోక ఊపి సరస్సులోకి పోయింది. సున్నీవా "ఒకటి" అంది. ఇన్‌స్పెక్టరు అట్టు నమలడం ఆపాడు. తర్వాత జంటగా రెండు వచ్చాయి. తర్వాత ఒకటి, తర్వాత చెప్పుకోదగ్గంత పెద్దది ఒకటి, దాని వెనకే చిన్నవి నాలుగు.

పదింటికి చర్చికి వెళ్లే జనం మొదలయ్యారు. ముందు వచ్చినవాళ్లు ఆవిడని చూసి దారి మారుద్దామనుకున్నారుగాని ఇంకో దారి లేదు. ఒకావిడ తన పిల్లల కళ్లు మూసింది. ఇంకో పెద్దమనిషి, మంచె మీద దొరకనిది వంతెన మీద దొరుకుతుందా అని ఎత్తిపొడిచాడు. నీకు పెళ్లాం దొరికింది వంతెన మీదే కదా, ఊరుకో అంది మా అత్తగారు. అందరూ శిఖరంకేసే చూస్తూ నడవబోయారు. కాళ్లు మాత్రం తడబడుతున్నాయి.

అప్పుడు గంట కొట్టడానికి క్లెమెట్ వచ్చాడు. చేతిలో తాళంచెవి, మొహంలో పది ఆజ్ఞలు. కుర్చీ ముందు నిలబడ్డాడు.

"సున్నీవా, ఆరు రోజులు పని చేసుకోమన్నాడు దేవుడు. ఏడోది ఆయనది. ఆ కుర్చీ ఇప్పుడు బోర్లించి ఉండాలి. మీ నాన్న ఉంటే ఏమనేవాడు?"

"నిన్న సాయంత్రం ఆయన్నే అడిగాను. చేప పని చెయ్యట్లేదు కదా, వెళ్లి చూడు అన్నాడు." ఆవిడ కళ్లు నీళ్ల మీద నుంచి కదల్లేదు. "అయినా క్లెమెట్, చూడ్డం కూడా పనే అయితే, చర్చిలో ముప్ఫై ఏళ్లుగా నువ్వు ఆడవాళ్ల వరసకేసి చూస్తున్నదానికి కూలి అడుగు. నేను సాక్ష్యం చెప్తాను."

జనం నవ్వారు. క్లెమెట్ చెవులు ఎర్రబడ్డాయి. మొహం దాచుకోవడానికి ఏం చెయ్యాలో తెలీక కటకటాల మీంచి కిందికి వంగాడు. సరిగ్గా అప్పుడే తెలుపు మీద నల్లగా, నిదానంగా, ఒక సాల్మన్ దాటింది.

అయిదు వారాలు సున్నాలు చుట్టిన మనిషి. లెక్కపెట్టడం ఒంట్లో ఇంకిపోయిన మనిషి. ఆపుకోలేకపోయాడు.

"ఒకటి" అన్నాడు క్లెమెట్.

"నీకు ఒకటి. నాకు పదిహేడు" అంది సున్నీవా.

అంతే. ఇక ఎవరూ శిఖరంకేసి చూడలేదు. కటకటాల పొడుగునా నల్లకోట్లు, నల్ల గౌన్లు, ఒకరి భుజం మీదుగా ఒకరు. మా అత్తగారు తప్ప ఎవరూ పైకి లెక్కపెట్టలేదు, ఆదివారం కదా. పెదాలు మాత్రం కదుల్తున్నాయి. దూరం నుంచి చూస్తే ఊరంతా ప్రార్థనలో ఉన్నట్టే. చర్చి గంట మోగలేదు. మోగించాల్సినవాడు కటకటాలకి వేలాడుతున్నాడు. ఖాళీ చర్చిలో విసిగిపోయి పాస్టరుగారే బయల్దేరి వచ్చారు, మెడచుట్టూ ముడతలు ముడతలుగా గంజిపెట్టిన తెల్ల పట్టీతో. ఏమిటా అని ఆయనా వంగారు. ఆ పట్టీ వెడల్పుకి వెనకవాళ్లకి ఏమీ కనపడక, అయ్యా, కాస్త పక్కకి జరుగుతారా అని మర్యాదగా అడిగారు. జరిగారు. జరిగి, ఇంకాస్త వంగారు.

ఇరవై ఎనిమిది దగ్గర ఫాస్టింగ్ కారు వచ్చింది. వంతెన నిండా జనం, దారి లేదు. ఆయన దిగి, జనంలోంచి తోవ చేసుకుని వచ్చి కిందికి చూశాడు. ఇన్‌స్పెక్టరుని చూశాడు. కోటు జేబుకి పెట్టిన బొత్తాన్ని చూశాడు. విషయం అర్థం కావడానికి ఒక చేప దాటేంత సేపు పట్టింది. ఇరవై తొమ్మిది.

నా మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగి, చెవిలో మెల్లగా చెప్పాడు, వెళ్లి తూము తెరవమని, రెండు రాళ్లు తిప్పమని. తూము తెరిస్తే నీళ్లు మిల్లుకి మళ్లుతాయి. మెట్లు అయిదు నిమిషాల్లో ఎండుతాయి. తూము చక్రం వంతెనకి పది అడుగుల దూరంలో, ఆనకట్ట మీద, అందరికీ కనపడేలా ఉంది.

నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగం, ఇంట్లో నలుగురు. గున్‌వోర్ కేసి చూశాను. తను చేపలకేసి చూస్తోంది. మా అత్తగారికేసి చూశాను. ఆవిడ జీవితంలో మొదటిసారి నీళ్ల మీంచి కళ్లెత్తి నాకేసి చూసింది. ఆ చూపు ముందు మేనేజరు ఎంత, మిల్లు ఎంత.

"అయ్యా" అన్నాను, మిల్లు హోరులో ఇరవై రెండేళ్లు అరిచి అరిచి పెరిగిన గొంతుతో, "ఇవాళ ఆదివారం. ఒక్క మనిషికి కూడా పని చెప్పనని గురువారం తమరే సెలవిచ్చారు. రెండుసార్లు."

జనం మొత్తం ఇటు తిరిగారు. ఫాస్టింగ్ మొహం ఉడికిన పీతలా అయింది. కోటు వెనక్కి తోసి, గట్టు దిగి, ఆనకట్ట మీదకి నడిచాడు. తనే. బొజ్జ ముందు, ఆయన వెనక. చక్రం దగ్గర ఆగి, రెండు చేతులూ దాని మీద వేశాడు. మేం సోమవారం నుంచి శనివారం దాకా గ్రీజు రాసే చక్రం అది. తెల్లటి చొక్కా అంచులు నల్లబడటం వంతెన మీదకి కనిపించింది.

ఎవరూ అరవలేదు. నూటయాభై మంది ఊరికే చూశారు. చూడ్డమే పనైన ఊరు మాది. ఆయన చక్రాన్ని ఒక పిసరు కదిపాడు, అది కీచుమంది. అప్పుడు క్లెమెట్ కటకటాల దగ్గర్నుంచి తలెత్తి, గొంతు పెంచకుండా, చర్చిలో అంకె చదివినట్టు అన్నాడు:

"అయ్యగారూ. ఆదివారం."

ఫాస్టింగ్ చేతులు చక్రం మీదే ఉన్నాయి. తూము తిప్పితే నీళ్లు తన వైపు, ఊరు అవతలి వైపు. ఆ లెక్క ఆయనకి వచ్చు. చేతులు తీశాడు. జేబురుమాలుతో ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. తుడుచుకుంటూ ఉండగానే ఆయన కాళ్ల పక్క నుంచి, పై తొట్టిలోంచి, సాల్మన్ ఒకటి ఆయన పాంటు తడిపి మరీ ఎగిరింది.

"ముప్ఫై" అంది సున్నీవా, కాఫీ పోసుకుంటూ.

అక్కడితో ఆపొచ్చు. ఆపలేదు. ఒంటిగంటకి నలభై ఒకటి దగ్గర పాస్టరుగారే ఇక పదండి అన్నారు. ప్రార్థన రెండుగంటలు ఆలస్యంగా మొదలైంది. గోడమీది అంకెల పలకకి ఎప్పటిలా మూడు కీర్తనల అంకెలున్నాయి. వాటి కింద క్లెమెట్ నాలుగోది తగిలించాడు: 41. పుస్తకం తీసి చూస్తే అది క్రిస్మస్ పాట. జూలై ఎండలో, కిటికీలు తెరిచి, మంచు గురించీ పశువుల పాక గురించీ ఊరంతా గొంతు చించుకుని పాడాం. ఫాస్టింగ్ కూడా పాడాడు, గొంతు మంచిదే.

ఇన్‌స్పెక్టరు ట్వైట్ ఆ రోజు ఒక్క అక్షరం రాయలేదు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి, ఆఫీసు వేళకి, క్లెమెట్ దగ్గర తాళంచెవి తీసుకుని చర్చిలోకి వెళ్లి, జేబు బొత్తాం విప్పి, కలం తీసి, గోడమీది నాలుగో అంకెని తన పుస్తకంలో ఎక్కించుకున్నాడు. పడవెక్కేముందు మా అత్తగారికి చెప్పించి పంపాడు, అట్లు బావున్నాయని, మీగడ ఇంకాస్త పులవాలని.

మెట్లు ఉండిపోయాయి. పండగనాటికి సిమెంటు బస్తాలు గోదాంలోనే బిగుసుకున్నాయి. నన్ను రాళ్ల దగ్గర్నుంచి బెరడు వలిచే షెడ్డుకి మార్చారు. చలి ఎక్కువ, చప్పుడు తక్కువ. మొదటిసారి నా హాస్యం నాకే వినపడి, ఇంట్లోవాళ్లు ఎందుకు నవ్వరో తెలిసొచ్చింది.

శుక్రవారం వంతెన కటకటాలకి మిల్లువాళ్లు ఒక నోటీసు అంటించారు. మా గుజ్జుతో చేసిన అట్ట మీదే, అచ్చులో: వంతెన నడవడానికేగాని కూర్చోవడానికి కాదు, ఆదివారాలు కుర్చీలు వెయ్యరాదు. సున్నీవా దాన్ని కళ్లజోడు పెట్టుకుని చదివింది. శనివారం ఆరింటికి వల ఎత్తి, కుర్చీ నా నెత్తిన పెట్టింది.

ఆదివారం ఏడింటికి మేం వంతెన చేరేసరికి అప్పటికే ఇరవై మూడు కుర్చీలున్నాయి. వంటింటివి, ముందు గదివి, ఒకటి పడకకుర్చీ. క్లెమెట్ రెండు మోసుకొచ్చాడు, ఒకటి తనకి, ఒకటి పాస్టరుగారికి. మధ్యలో సరిగ్గా పలకల పైన ఒక కుర్చీ పట్టేంత చోటు వదిలేశారు. సున్నీవా తన కుర్చీ అక్కడ వేసుకుని కూర్చుంది. పదింటికి కారు దూరంగా ఆపేసి ఫాస్టింగ్ నడిచొచ్చాడు. నోటీసుకేసి చూశాడు. కుర్చీలకేసి చూశాడు. ఖాళీది ఒక్కటీ లేదు.

"నిలబడి చూడండి" అంది మా అత్తగారు, తల తిప్పకుండా. "మీ వంతు చేప ఇందాకే అటు దాటింది. పన్నెండోది."